ఒక్క పొయ్యి కూడు

ఆ ఎండకాలం నాకు స్వామిదాసు వీపు మీద పెట్టిన బండతో మొదలైంది. అది దొర గడి ముందర గుర్రాల తొట్టి పక్కన ఎప్పుడూ పడి ఉండేదే. బలమైన మనిషి కూడా మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీకి ఆనించుకుని లేపాలి. స్వామిదాసును నట్టెండలో వంగబెట్టి, రెండు చేతులతో కాలి బొటనవేళ్లు పట్టుకోమని, ఆ బండను నడుము మీద పెట్టారు. కదిలితే కొరడా.

అతను చేసిన తప్పేమిటంటే అతని కొడుకు యాకూబు పట్నం కాలేజీకి పోబోతున్నాడు. యాకూబు పోవాలంటే నేను ఉండాలి. అందుకే ఆ రోజు నన్ను కూడా కామారెడ్డి నుంచి పిలిపించారు.

ఊరి పేరు ఎందుకులెండి. ఎల్లారెడ్డి దాటి కాస్త దూరం పోతే వస్తుంది. నిజాంసాగర్ కాలువ పారినప్పటి నుంచి దొర చెరుకు వేశాడు, మిద్దె మీద మిద్దె కట్టాడు, మోటారు కొన్నాడు. ఆ గడిలో లేనిది చదువొక్కటే. తన చిన్న కొడుకు నేను చదివిన ఆ పట్నం కాలేజీలోనే చదవాలని దొర పట్టు.

ఆ కాలేజీలో ఒక పాత ఆచారం ఉండేది. అక్కడ చదివి బయటికి వచ్చిన ప్రతి మనిషికీ జన్మలో ఒక్కసారి, తన ఇంటి పిల్లవాణ్ణి తీసుకుపోయి, వాడి కుడిచేయి పెద్దసారు చేతిలో పెట్టే హక్కు ఉండేది. చేయి అప్పగింత అనేవాళ్లం. పరీక్షలకు ముందే అది జరిగిపోయేది. చేయి అందుకుంటే సీటు ఖాయం, పరీక్ష తప్పకుండా ఉంటే చాలు. మిగతా పిల్లలు మార్కులు పట్టుకుని, మిగిలిన ఆ కొన్ని సీట్ల కోసం పడిగాపులు కాసేవాళ్లు. పిల్లవాడు కొడుకే కానక్కర లేదు. తమ్ముడైనా, అక్క కొడుకైనా ఫరవాలేదు. పెద్దసారు అడిగేది ఒక్క ప్రశ్నే: మీ ఇద్దరిదీ ఒక్క పొయ్యి కూడేనా అని. కాలేజీలో చదివినవాడు అబద్ధం చెప్పడని వాళ్ల నమ్మకం.

ఆ ఆచారం న్యాయమైందని నేననను. చదువు వచ్చిన ఇంటికే మళ్లీ చదువు రావాలని వేసిన కట్టు అది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఆ హక్కు ఉన్నవాళ్లం ఇద్దరమే. ఒకరు వకీలు గఫూర్. ఆయన తన కొడుకు ఫరీద్ చేయి అప్పటికే అప్పగించాడు. రెండోవాణ్ణి నేను. బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికే ఒంటి మనిషిని, పిల్లలు లేనివాణ్ణి.

దొర నన్ను కూర్చోమనలేదు గానీ మాట మాత్రం మెత్తగానే మొదలుపెట్టాడు.

"నీకు పిల్లలు లేరాయె పంతులూ. నీ హక్కు మూలకు పడి ఉన్నది. మా చిన్నోని చెయ్యి వట్టు."

"పొయ్యి ఒక్కటి కావాలె గద దొరా."

"ఇయ్యాల ఈడ తిని పో. ఒక్కటైతది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ హక్కు ఇంకొకరికి మాటిచ్చానని చెప్పాను. ఎవరికని ఆయన అడగలేదు. తమలపాకుకు సున్నం రాస్తూ కిటికీ వైపు గడ్డం ఎత్తాడు.

"నువ్వు మాటిచ్చినోని బాపు గాడ నిలబడ్డడు. పోయేటప్పుడు మంచిగ చూసి పో."

చూశాను. స్వామిదాసు చెమట ముక్కు మీదుగా చుక్కలు చుక్కలుగా దుమ్ములో పడుతోంది. పక్కన గడి జవాను ఎల్లయ్య కొరడా పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికే స్వామిదాసు వీపు మీద రెండు మూడు చోట్ల చర్మం లేచి ఉంది. ఆ దెబ్బలు ఎల్లయ్యవే. అయినా ఒకటి గమనించాను. పొద్దు కొంచెం వాలుతోంది. ఎల్లయ్య అటూ ఇటూ పచార్లు చేయవలసినవాడు చేయడం లేదు. తన నీడ స్వామిదాసు తల మీద పడేట్టు నిలబడి, పొద్దు జరిగిన కొద్దీ తానూ జరుగుతున్నాడు. నేను చూశానని గ్రహించి మొహం తిప్పుకున్నాడు.

మా సంగతి కొంత చెప్పాలి. కలరా గత్తర వచ్చిన ఏడు నా భార్య పోయింది. మా వాడకట్టులో ఒక్క తలుపు తెరుచుకోలేదు. కామారెడ్డి స్టేషన్‌లో ఊడ్చే సాలవ్వ, ఆ రోజు ఆమెను చూడవచ్చిన ఆమె పెనిమిటి స్వామిదాసు, వాళ్లిద్దరే వచ్చి పాడె మోశారు. మాదిగవాళ్లు మోసిన శవానికి మంత్రం చదవనన్నాడు మా పురోహితుడు. మూడు పూటలు నేను ఏమీ తినకుండా గోడకు ఆనుకుని ఉండిపోతే, సాలవ్వ పెరట్లోనే మూడు రాళ్లు పెట్టి జొన్నరవ్వతో గటక వండింది. గిన్నె నా ముందర పెట్టి, తింటవా తినవా అని కూడా అనకుండా, దూరంగా పోయి కూర్చుంది. నేను తిన్నాను. ఆ తరువాత సాలవ్వ, బడికి వచ్చే యాకూబు మా పెరటి కొట్టంలోనే ఉన్నారు. స్వామిదాసు మాత్రం దొరకు వెట్టి చేస్తూ ఊళ్లో ఉండిపోయాడు. నా ఇంటి పొయ్యి మళ్లీ వెలగలేదు. మా వాళ్లందరికీ తెలుసు. ఎవరూ అనరు, నేనూ అనను. నోటితో అననంత కాలం కులం నిలిచి ఉంటుంది.

స్వామిదాసు నడుము లేవడం లేదనీ, గుర్రాల తొట్టి పక్కనే పడేశారనీ బస్సు నడిపే ఆశన్న కామారెడ్డికి కబురు తెచ్చాడు. యాకూబు పుస్తకం మూసేశాడు. నాకు కాలేజీ వద్దు సార్, దొర కొడుకునే తీస్కపోండ్రి, మా బాపును ఇడిపించుండ్రి అన్నాడు. మంచి పిల్లవాడు. లెక్క తప్పుతుందేమోనని ముందే భయపడే రకం కాదు. ఆ రోజు మాత్రం భయపడ్డాడు.

సాలవ్వ పిండి పిసుకుతోంది. చేతులు ఆపలేదు.

"బండ మీ బాపు మోసిండు. నువ్వు పోనంటే ఉత్తగ మోసినట్టయితది బిడ్డా."

యాకూబు పుస్తకం మళ్లీ తెరిచాడు. పొద్దున్నే ముగ్గురం ఆశన్న బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగి, అక్కడి నుంచి నడిచాం. స్వామిదాసును మోసుకుని వచ్చేద్దామని మా ఆలోచన. దొర కాళ్లు పట్టుకోవలసి వస్తే పట్టుకుందామని కూడా అనుకున్నాను. చెరుకు తోట మలుపు తిరగగానే పొగ కనిపించింది. స్వామిదాసు ఉండే గుడిసె మండుతోంది. పక్క గుడిసెల వాళ్లు నీళ్ల కుండలు పట్టుకుని నిలబడ్డారు గానీ ఎవరూ పోయడం లేదు. మధ్యలో గడి మనుషులు కర్రలతో నిలబడ్డారు. కట్టేసి ఉన్న మేకపిల్ల లోపల అరిచి అరిచి ఆగిపోయింది. గడి మనుషుల్లో ఒకడు దాని గొంతుతో అరిచి చూపించాడు. మిగతావాళ్లు నవ్వారు.

మమ్మల్ని గడి పెరట్లోకి నెట్టుకుపోయారు. అడ్డం పోయినందుకు ఒకడు నా చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు కింద పడ్డాయి. వాటి మీద కాలు వేసి, కావాలనే మడమ తిప్పాడు. నేను వంగి ఏరుకుంటుంటే వెనుక నుంచి తన్నాడు. మట్టి రుచి ఇప్పటికీ గుర్తుంది. తల ఎత్తేసరికి యాకూబును నలుగురు పట్టుకుని వడ్లు దంచే రోలు దగ్గర కూలేశారు.

దొర లోపల భోజనానికి కూర్చున్నాడు. ఆయన చెప్పవలసింది ముందే చెప్పి పెట్టాడు. మనిషిని చంపొద్దు. వాడు రాసే చెయ్యి విరగ్గొట్టాలి. పరీక్ష రాయలేనివాడికి సీటు నిలవదు. అప్పుడు పంతులు హక్కు మళ్లీ ఖాళీ అవుతుంది.

రోకలి ఎల్లయ్య చేతికిచ్చారు.

"రాసే చెయ్యి ఏది?" అని ఎల్లయ్య అడిగాడు.

యాకూబు నోరు తెరిచేలోపే సాలవ్వ ముందుకు వచ్చింది. కొడుకును కొట్టొద్దని ఏడవలేదు. బజారులో బేరం చెప్పినట్టు చెప్పింది.

"ఉర్దూ బడిల చదివిండు గద. ఆ రాత ఈ దిక్కు నుంచి ఎడమ దిక్కు పోతది. ఎడమ చెయ్యితోనే రాస్తరు."

గడి మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒక్కడికీ అక్షరం రాదు. ఎవరైనా కాగితం రాయడం వాళ్లు చూసింది తక్కువ, చూసినా అది పెద్దల సంగతి. ఎడమకు పోయే రాతకు ఎడమ చెయ్యే కావాలనడం వాళ్లకు సబబుగానే తోచింది. అయితే మాదిగది చెప్పిందని నమ్ముతమా అన్నాడు ఒకడు.

ఎల్లయ్య నా వైపు తిరిగాడు. దొర కాగితాలు పట్టుకుని ఈ ఎల్లయ్యే ఎన్నో ఏండ్లుగా మా ఇంటికి వచ్చేవాడు. నేను ఉర్దూలో జవాబు రాస్తుంటే అరుగు మీద కూర్చుని, రాసే నా చేతినే చూస్తూ ఉండేవాడు. ఒకసారి, కలం అంత గట్టిగ వడితే ఏలు నొయ్యదా పంతులయ్యా అని అడిగాడు కూడా.

"నిజమేనా పంతులయ్యా?"

"నిజమే" అన్నాను.

అతను నా కుడిచేతి వైపు ఒకసారి చూశాడు. తరువాత, ఎడమ చెయ్యి వెట్టుండ్రి అన్నాడు.

రోకలి ఒక్కసారే పడింది. రెండో దెబ్బ అవసరం లేకుండా, మణికట్టుకు పైన, ఒక్కసారికే విరిగేట్టు కొట్టాడు. యాకూబు అరుపుకు కొట్టంలోని ఎద్దులు పలుపులు గుంజుకున్నాయి. వాడు నేల మీద ముడుచుకుని ఆ చేతి మీదికి బోర్లా పడ్డాడు. సాలవ్వ నిలబడ్డ చోటనే కూర్చుండిపోయింది.

దొర మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"అయ్యిందా?"

"అయ్యింది దొరా" అన్నాడు ఎల్లయ్య. రోకలి గోడకు ఆనించి, యాకూబుకూ దొరకూ నడుమ నిలబడ్డాడు.

దొర నా దగ్గరికి వచ్చి, ఎవని చెయ్యి వడుతవో ఇప్పుడు చెప్పుమన్నాడు. అప్పగింత రోజు కాలేజీకి వస్తానని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆయనకు కావలసింది ఆయన విన్నాడు. ఇక ఈ ముసలోడు నాకెందుకు, తీస్కపో అని స్వామిదాసు వైపు చేయి విసిరాడు. వాకిలి దాటుతుంటే ఒక జవాను సాలవ్వ మీద ఉమ్మాడు. ఆమె తుడుచుకోలేదు. రెండు చేతులూ స్వామిదాసు కింద ఉన్నాయి.

గఫూర్ తల్లి సాలెహా బీ ఎముకలు కట్టడంలో చేయి తిరిగిన మనిషి. పరదా వెనుక ఉండే ఆ పెద్దావిడ యాకూబు కోసం ముందు గదిలోకి వచ్చింది. మినప్పిండి, కోడిగుడ్డు కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టింది. విరిగిన ఎముక లాగి కూర్చేటప్పుడు యాకూబు పళ్ల మధ్య తన కొంగు పెట్టింది. కట్టిన తరువాత ఆ కొంగు చివర చూసుకుని నవ్వి, మా ఫరీద్ కంటే నీ పళ్లే గట్టియి అంది. ఆ నవ్వుకు వాడు ఏడ్చాడు. అప్పటి దాకా ఏడవలేదు.

గఫూర్ నన్ను పక్కకు పిలిచి అడిగాడు. కులం బయటపడుతుంది సీతారాం, ఆ ప్రశ్న అడిగినప్పుడు ఏం చెప్తావు అన్నాడు. యాకూబు కట్టు ఆరిందో లేదో చూడడానికి లోపలికి పోయాను.

పట్నంలో కాలేజీ పెద్ద గది నిండా పాగాలు, టోపీలు, కోట్లు. తండ్రులు కొడుకులకు కాలర్లు సర్దుతున్నారు. అందరి మొహాల్లో పెళ్లివారి నిశ్చింత. కామారెడ్డి సావుకారి రాజలింగు, దొర చిన్న కొడుకును వెంటబెట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. మా ఊళ్లో కుల పంచాయతీలు ఆయన లేకుండా జరగవు. నన్ను చూసి లేచాడు. రా పంతులూ, నీ కోసమే చూస్తున్నం అని పిల్లవాణ్ణి నా వైపు కొంచెం నెట్టాడు. నున్నగా దువ్విన తల, కొత్త బూట్లు. పాపం, ఆ పిల్లవాడికి ఏమీ తెలియదు. నన్ను చూసి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

నా పేరు పిలిచారు. నేను యాకూబు కుడిచేయి పట్టుకుని ముందుకు పోయాను. కట్టు కట్టిన ఎడమచేయి మెడకు వేలాడుతోంది. రాజలింగు మొదట ఆ కట్టు చూశాడు. తరువాత నా చేతిలో ఉన్న కుడిచేయి చూశాడు. ఒక్క క్షణంలో అతనికి అంతా అర్థమైంది.

"హుజూర్, ఆ పోరడు మాదిగోడు. ఈయన బాపనాయన. పొయ్యి ఎట్ల ఒక్కటైతది? అడుగుండ్రి."

గదిలో అందరూ నా వైపు తిరిగారు. పెద్దసారు ముసలాయన. ఎవరినీ తొందరపెట్టే మనిషి కాదు. నా వైపు చూసి మామూలుగానే అడిగాడు, అందరినీ అడిగినట్టే.

"మీ ఇద్దరిదీ ఒక్క పొయ్యి కూడేనా?"

ఆ వారంలో నేను ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. ఇంకొకటి అక్కర లేకపోయింది.

"ఒక్కటే సార్. అయితే అది నా పొయ్యి కాదు. నా భార్య పోయినప్పటి నుంచి ఇతని తల్లి వండిందే తింటున్నాను. పొద్దున రైల్లో తిన్నదీ అదే."

వెనుక ఎవరో కుర్చీ జరిపారు. పెద్దసారు కలం బల్ల మీద పెట్టాడు.

"అంటే మీరు వీళ్ల ఇంటి మనిషి."

"అవును సార్."

"ఇల్లు ఒక్కటైతే చాలు. ఎవరిదన్నది మా ఆచారం అడగదు" అని చేయి చాపాడు.

ఆ చేతిలో యాకూబు చేయి పెట్టాను. బయటికి వస్తుంటే రాజలింగు నా భుజం తగలకుండా గోడకు ఒదిగి దారి ఇచ్చాడు. ఏండ్ల తరబడి మా ఇంట్లో తాంబూలం అందుకున్న మనిషి. నేను నోటితో అనేశాను, అతను గోడకు జరిగాడు. అంతే జరిగింది.

తరువాతవి త్వరగా చెప్తాను. బావి దగ్గర నా చేద తాడు తెంపి చేదను లోపల పడేశారు. పెంకుటింటి మీద రాళ్లు పడ్డాయి. సాయంత్రం బడి నుంచి వస్తుంటే రైలు గేటు దగ్గర ముసుగు మనుషులు నన్ను కర్రలతో కొట్టారు. ఎడమ చెవి అప్పటి నుంచి వినిపించదు. మోసం తెలిసిన నాడు దొర ఎల్లయ్యను అదే బండ కింద వంగబెట్టాడని విన్నాను. ఆ రాత చదివినవాళ్లు చెప్తేనే కద దొరా నమ్మినం అని అతను చివరి దాకా అదే మాట మీద ఉన్నాడట. గఫూర్ తన పెరటి బావి మాకు తెరిచాడు. యాకూబు పరీక్ష తప్పలేదు. వాడు కాలేజీకి బయలుదేరిన రోజు స్వామిదాసు స్టేషన్ దాకా నడిచే వచ్చాడు, నేలను చూస్తూ. ఆ నడుము మళ్లీ నిటారు కాలేదు. కొడుకు మొహం చూడాలంటే యాకూబే కింద కూర్చోవలసి వచ్చింది. వాడు ప్లాట్‌ఫారం మీద, అందరి ముందూ, కూర్చున్నాడు.

యుద్ధం నడుస్తూ కిరసనాయిలు దొరకని రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఎల్లయ్య మా పెరటి దారిన వచ్చాడు. యాకూబు చదువు ముగించి వచ్చి, మా బడిలోనే పాఠం చెబుతున్నాడు. ఎడమచేయి వంకరగా అతుక్కుంది. సుద్దముక్క జేబులోంచి తీయడానికి కూడా దాన్ని వాడడు. ఎల్లయ్య గడి వదిలేసి కూలి చేసుకుంటున్నాడు. నడుము అతనిదీ కొంచెం వంగింది. వెంట కొడుకు భూమయ్య ఉన్నాడు, పరీక్షకు కూర్చోబోయే ఈడు.

ఎల్లయ్య గడప దగ్గర నేల మీద కూర్చుని, అడగవలసింది అడగలేక, మా భూమయ్య మంచిగ చదువుతడు అని మాత్రం అన్నాడు. యాకూబుకు తెలుసు అతను ఎందుకొచ్చాడో. ఆ హక్కు ఇప్పుడు యాకూబుకూ ఉంది, జన్మకు ఒక్కసారే. రేపు తనకూ పెండ్లవుతుంది, పిల్లలవుతారు. కుడిచేత్తో ఎడమ మణికట్టు రుద్దుకున్నాడు. స్వామిదాసు మంచం మీద ఒత్తిగిలి భూమయ్యను చూశాడు.

సాలవ్వ లేచింది. పొయ్యి మీద నుంచి గటక తీసి, చింతచిగురు పప్పు వేసి, ఆ గిన్నె తెచ్చి భూమయ్య ముందర పెట్టింది.

"రేపు పెద్దసారు అడుగుతడు. మా యాకూబు అబద్ధమాడడు. తినుమను."

ఎల్లయ్య వాళ్లు ముత్తరాసులు. మాదిగ ఇంట్లో నీళ్లు కూడా ముట్టరు. భూమయ్య తండ్రి మొహం చూశాడు. ఎల్లయ్య గిన్నెనే చూస్తున్నాడు. కాసేపటికి గిన్నె తన దగ్గరికి లాక్కుని, కుడిచేత్తో ముద్ద కలిపి, మొదటిది తాను తిని, రెండోది కొడుకు నోటికి అందించాడు.

రోకలి పట్టిన చేయి అదే. యాకూబు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గిన్నె ఖాళీ అవుతుండగా తల్లి వైపు తిరిగాడు.

"అవ్వా, ఇంకింత వెయ్యి" అన్నాడు.